నాగలి కట్టిన ఆడగుర్రం

ఇంగ్లీషులో 'రిలయబిలిటీ' అనే మాటకి సరితూగే ఒక్క మాట తెలుగులో నాకు దొరకలేదు. నమ్మకం మన లోపల ఉండేది. భరోసా ఇంకొకరు ఇచ్చేది. పూచీకి ఒక మనిషి కావాలి. మా తెనాలి వైపు బండిని మెచ్చుకోవాలంటే "మొరాయించదు" అంటారు. ఎద్దుకీ అదే మాట, కోడలికీ ఇంచుమించు అదే మెప్పు. అది ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు, ఇబ్బంది పెట్టదని మాత్రం చెబుతారు.

నా దగ్గరున్న కారుకి మొరాయిస్తుందనే పేరు. 1993 మోడల్ మజ్దా ఆర్ఎక్స్-7. రెండు సీట్లు, రోటరీ ఇంజను, దానికి జంట టర్బోలు. ఈ తరం ఆర్ఎక్స్-7 జపాన్‌లో 1991 చివర్నించి 2002 దాకా తయారైంది. అమెరికాలో మూడు మోడల్ సంవత్సరాలే అమ్మారు, మొత్తం 14,000 లోపు. డాలస్ దగ్గర సాహిత్యం పాఠాలు చెప్పుకునే నా చేతికి ఇది 2012లో వచ్చింది. ఫోన్‌లో చెబితే మా అమ్మ, "మజ్దా అంటే స్వరాజ్ మజ్దానా? స్కూలు పిల్లల వ్యానా?" అంది. మనకి తెలిసిన మజ్దా అదే మరి.

ఈ కార్ల చుట్టూ తిరిగేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, వాళ్లు కారుని 'షీ' అంటారు. ఆమెకి కోపమెక్కువ, ఆమెని బుజ్జగించాలి, ఆమె ఎప్పుడు చెయ్యిస్తుందో తెలీదు. వినగా వినగా నాకు మన వ్యాకరణం గుర్తొచ్చింది. వాళ్లు బండిని ఆడమనిషిని చేస్తే మనం ఆడమనిషిని బండితో కలిపేశాం. వాడు వచ్చాడు, అది వచ్చింది. ఆ 'అది' పనిమనిషి కావచ్చు, పెళ్లాం కావచ్చు, బస్సు కావచ్చు. గౌరవం అడిగి తెచ్చుకుంటే తప్ప మన క్రియాపదానికి ఆడదానికీ వస్తువుకీ తేడా తెలీదు.

ఇంత చిన్న ఇంజను మీద ఇన్ని నిందలెందుకో తెలియాలంటే లోపలికి చూడాలి. మామూలు ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. ఇందులో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. రెండు గింజల వేరుశెనక్కాయని నిలువునా చీలిస్తే కనిపించే ఆకారంలో, నడుం దగ్గర కొంచెం నొక్కుకుపోయిన గది ఒకటి ఉంటుంది. దాన్లో పక్కలు ఉబ్బిన త్రికోణం, అంటే రోటరు, ఓరగా జరుగుతూ తిరుగుతుంది. దాని మూడు మూలలూ ఎప్పుడూ గోడని రాసుకునే ఉంటాయి. గాలీ పెట్రోలూ పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, వదిలెయ్యడం అన్నీ ఆ త్రికోణం పక్కలకీ గోడకీ మధ్య ఖాళీల్లోనే జరిగిపోతాయి. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. నా కారులో ఇలాంటి గదులు రెండు, ఒక్కోటి 654 సీసీ. ఆ 1308 సీసీ లోంచి, టర్బోల సాయంతో, 255 హార్స్‌పవర్ వస్తుంది.

త్రికోణం కొసల్లో ఉండే లోహపు పట్టీలని అపెక్స్ సీల్స్ అంటారు. రోటరుకి మూడు, మొత్తం ఆరు, రెండు మిల్లీమీటర్ల మందం. ఇంజను ప్రాణం వాటిలో ఉంది. అవి గోడని వదలకూడదు, గీరకూడదు, ఎండిపోకూడదు. అందుకని కంపెనీయే చిన్న పంపు పెట్టి ఇంజనాయిల్ని బొట్లు బొట్లుగా లోపలికి పంపింది. అది పెట్రోలుతో పాటు మండిపోతుంది. ఈ ఇంజను ఆయిలు తాగడం జబ్బు కాదు, దాని తిండే అంత. తెలియనివాళ్లు జబ్బనుకుంటారు, లేదా ఆయిలు చూడడమే మర్చిపోతారు.

ఈ ఇంజనుకి ఫెలిక్స్ వాంకెల్ పేరు పెట్టారు. 1902లో పుట్టిన జర్మన్. ఇరవై ఏళ్లకే నాజీ పార్టీలో చేరాడు, తర్వాత కొంతకాలం ఎస్.ఎస్.లోనూ ఉన్నాడు. చూపు బాగా తక్కువ, జీవితంలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకోలేదు. ఆయన ఇంజను 1957లో ఎన్.ఎస్.యు. అనే కంపెనీలో మొదటిసారి తిరిగింది. దాన్లో రోటరుతో పాటు దాని చుట్టూ ఉన్న గది కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే ఇంజను విప్పాలి. అదే కంపెనీలో హాన్స్ డీటర్ పాష్కె అనే ఇంజనీరు గదిని కదలకుండా బిగించి రోటరు మాత్రమే తిరిగేలా మార్చాడు. తర్వాత రోడ్డెక్కిన రోటరీ కార్లన్నీ పాష్కె పద్ధతిలోవే. వాంకెల్ మాత్రం తన పందెపు గుర్రాన్ని నాగలికి కట్టారని మండిపడ్డాడని చెబుతారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ మాట ఇంకొంచెం వివరంగా ఉంటుంది: నాగలి కట్టిన ఆడగుర్రం.

చదివిన రోజు గట్టిగా నవ్వాను. చేతికి అందేది, విప్పి తుడిచి మళ్లీ బిగించుకోగలిగేది, రోజూ పనికి వచ్చేది ఆయన కళ్లకి ఆడగుర్రంలా కనిపించిందన్నమాట. అనువాదకుడి కళ్లకైనా సరే. పేరు మాత్రం పందెపు గుర్రాన్ని కన్నవాడికే దక్కింది.

ఆ తర్వాత కథ తొందరగా చెప్పేస్తాను. 1967లో ఎన్.ఎస్.యు. ఈ ఇంజనుతో రో 80 అనే కారు తెచ్చింది. బహుమతులొచ్చాయి. సీల్స్ అరిగి ఇంజన్లూ తిరిగొచ్చాయి. వారంటీ ఖర్చులకి నడుం విరిగి 1969లో ఆ కంపెనీ ఫోక్స్‌వాగన్ కిందికి వెళ్లిపోయింది. హిరోషిమాలో టోయో కోగ్యో, తర్వాత మజ్దా అయిన కంపెనీ, 1961లో ఈ ఇంజనుకి లైసెన్సు తీసుకుంది. 1963లో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లతో ఒక విభాగం పెట్టింది. సీల్స్ గోడ మీద పెట్టే గాట్లకి వాళ్లు దయ్యపు గోటి గుర్తులని పేరు పెట్టుకున్నారు. సీల్స్ కోసం ఆవు ఎముకలూ గుర్రపు ఎముకలూ కూడా వాడి చూశారని చెప్పుకుంటారు. చివరికి అల్యూమినియం ఇంకించిన కార్బన్ పనిచేసింది, 1967లో కాస్మో స్పోర్ట్ బయటికొచ్చింది. ఆ 47 మందినీ జపాన్ పాత కథలోని 47 మంది రోనిన్ వీరులతో పోలుస్తారు. రాత్రింబవళ్లు పనిచేశారట. ఆ రాత్రింబవళ్లు వాళ్ల ఇళ్లలో అన్నం ఎవరు వండారో, పిల్లల్ని ఎవరు నిద్రపుచ్చారో నేను చదివిన ఏ చరిత్రలోనూ లేదు.

ఇక నా పని. పాడైనదాన్ని బాగుచెయ్యడం దీన్లో చిన్న భాగం. పెద్ద భాగం పాడవబోయేదాన్ని ముందే కనిపెట్టి మార్చెయ్యడం. ఆ పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరూ మెచ్చుకోరు. ఈ మాట నేను ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈ కారు డాష్‌బోర్డులో నీటి వేడి చూపించే ముల్లు ఉంది. ఇంజను వేడెక్కాక అది మధ్యలో నిలబడుతుంది. సుమారు 80 డిగ్రీల నుంచి 110 దాకా దాదాపు కదలదు. నడిపేవాళ్లు ఊరికే కంగారు పడకుండా కార్ల కంపెనీలు చేసే ఏర్పాటిది. అది మధ్యలోంచి పైకి లేచిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. ఎందుకంటే ఈ ఇంజను మూడు ఇనప పలకల మధ్య రెండు అల్యూమినియం గదుల్ని పేర్చి పొడవాటి బోల్టులతో బిగించిన కట్ట. వేడికి ఇనుమూ అల్యూమినియమూ ఒకే లెక్కన సాగవు. మధ్యలో నీళ్లని ఆపే రబ్బరు రింగులు ఒక్కసారి గట్టిగా ఉడికాయంటే మొత్తం విప్పాల్సిందే. ఆ ముల్లుని చూస్తే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఎప్పుడడిగినా "నాకేమే, బానే ఉన్నా" అనేది. ఆస్పత్రిలో చేర్చిన రోజు కూడా అదే అంది. ఆవిడని పెంచినవాళ్లు ఆ ముల్లుని అక్కడే బిగించేశారు.

నేను మొదట చేసిన పని అంకెలు చూపించే మీటరు పెట్టడం. తర్వాత ఫ్యాన్ల సంగతి. కంపెనీ పెట్టిన లెక్క ప్రకారం 105 డిగ్రీలు దాటితేగాని అవి తిరగవు. డాలస్ ఆగస్టులో బయటే 40. ముందే తిరిగేలా స్విచ్చి మార్చాను. నీళ్లలోంచి గాలిని వేరుచేసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, ఆ వేడికి ఏళ్ల తరబడి ఉడికి అతుకు దగ్గర చిట్లడం ఈ కార్లలో అందరికీ తెలిసిన సంగతే. నాది చిట్లకముందే అల్యూమినియంది వేశాను. పాత డబ్బా గోధుమరంగుకి తిరిగి, వేలితో నొక్కితే బిస్కెట్‌లా పలికింది.

టర్బోలు రెండూ తోటికోడళ్లు. 4,500 చుట్ల దాకా మొదటిది ఒక్కతే బరువు మోస్తుంది, అప్పుడు రెండోది వచ్చి కలుస్తుంది. ఆ కలిసే క్షణంలో గాలి ఒత్తిడి 10 పీఎస్ఐ నుంచి 8కి జారి మళ్లీ 10కి వస్తుంది. ఎవరు ఎప్పుడు రావాలో, ఏ తలుపు ఎప్పుడు తెరవాలో చూసేవి ఇంజను మీద అల్లుకున్న పదుల కొద్దీ సన్నటి రబ్బరు గొట్టాలు. ముప్పై ఏళ్ల వేడికి అవి ఎండుమిరపకాయల్లా పెళుసెక్కుతాయి. ఒకటి ఊడితే చాలు, తోటికోడళ్ల మధ్య మాటలుండవు. వాటన్నిటినీ తీసి సిలికాన్ గొట్టాలు వెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా ప్రతిదానికీ తెల్ల ప్లాస్టరు చుట్టి తెలుగు అక్షరం రాసుకున్నాను. అచ్చులన్నీ అయిపోయి హల్లుల్లో పడ్డాయి. పక్కింటాయన వచ్చి ఇది జపనీస్ భాషా అని అడిగాడు.

ముందటి యజమాని శబ్దం కోసం పెద్ద ఎగ్జాస్టు వేయించాడు. పొగ అంత సులువుగా పోతుంటే టర్బోలు అదుపు తప్పి లెక్కకు మించి గాలి కుక్కుతాయి. పెట్రోలు దానికి సరిపోక ఇంజను లోపల మంట సమయానికి ముందే పేలుతుంది. పిస్టను ఇంజను అలాంటి దెబ్బలు కొన్ని తట్టుకుంటుంది. అపెక్స్ సీలుకి ఒక్క గట్టి దెబ్బ చాలు. నేను ఒత్తిడిని మళ్లీ పదికి కట్టేశాను, శబ్దం తగ్గింది. కార్ల కూడికల్లో అది చూసి జాలిపడేవాళ్లున్నారు. బండి బలాన్ని పెంచినవాడికి కథ ఉంటుంది, దాని బలాన్ని ఉన్నచోట ఉంచినదానికి చెప్పుకోవడానికేముంది?

రోజువారీ పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఆయిలు 3,000 మైళ్లకోసారి, అంటే 4,800 కిలోమీటర్లకి మార్చాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, నాలుగడుగులు జరిపి ఆపెయ్యకూడదు, లోపల పెట్రోలు నిండిపోయి మళ్లీ లేవదు. వేగంగా నడిపి వచ్చాక వెంటనే ఆపకూడదు, టర్బోలు చల్లబడేదాకా ఇంజను తిరగనివ్వాలి. ఆ రెండు నిమిషాలూ నేను ఇంటి ముందు కారులోనే కూర్చుంటాను. అడిగేవాళ్లు లేని రెండు నిమిషాలు.

2016లో ఇంజను ఆరోగ్యం చూపించుకుందామని ఊళ్లో పేరున్న ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. కౌంటరులో ఉన్నాయన మొదటి ప్రశ్న, కారు గురించి మీ ఆయన ఏమంటున్నాడని. మామూలు కంప్రెషన్ గేజితో కొలిచి రోటరుకి ఒక అంకె చొప్పున రాసి, చాలా బాగుందన్నారు. రోటరుకి మూడు ముఖాలు. మామూలు గేజి మూడింట్లో ఎక్కువైన అంకె దగ్గరే ఆగిపోతుంది. ముగ్గురు పిల్లల్లో ఒకడు ఫస్టుక్లాసులో పాసైతే ఇల్లంతా పాసైనట్టు. మూడు ముఖాలూ విడివిడిగా కొలిచే రోటరీ గేజి కావాలి, నిమిషానికి 250 చుట్ల లెక్కన ఏ ముఖమూ 7 కిలోలకి తగ్గకూడదు, ఒకే రోటరులో ముఖాల మధ్య తేడా ఒకటిన్నర దాటకూడదు అన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నాడు. సర్వీసు మాన్యువల్లో ఉందన్నాను. ఆయన ఇంకోసారి ఫారం మీద నా పేరు చూసుకున్నాడు, అదేదో తప్పు రాసినట్టు.

ఆ గేజి నేనే కొనుక్కున్నాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కల నలుగురైదుగురు కొలిపించుకోవడానికి మా ఇంటికొస్తారు. వాళ్లలో విజయవాడ కుర్రాడొకడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మొదట మేడమ్ అనేవాడు, రెండోసారికి అక్కా అన్నాడు. "ఇదంతా అన్నయ్యగారు చేస్తారా అక్కా?" అన్నాడు. అన్నయ్యగారు లేరమ్మా అన్నాను. విడాకుల సంగతి వాడికి తట్టలేదు. పాపం మొహం చిన్నబుచ్చుకుని తలొంచుకున్నాడు. నేను దిద్దలేదు.

మా నాన్న స్కూటరు కార్బురేటరు విప్పే ఆదివారం మా ఇంట్లో పండగ. వరండాలో పేపర్లు పరిచేవాడు. కిరసనాయిలు గిన్నె ఒకరు, గుడ్డపీలికలు ఒకరు అందించాలి. రెండుసార్లు టీ. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి సలహాలిచ్చేవాళ్లు. అమ్మ ఉషా మిషను వంటింటి పక్క గదిలో ఉండేది. రాత్రి జాకెట్లు కుట్టడం అయిపోయాక, షటిలు తీసి, పాత టూత్‌బ్రష్షుతో దారప్పీచు దులిపి, ఆయిలు బొట్లు వేసేది. ఆయిలు ఎక్కువైతే గిరాకీల బట్టకి మరక, తక్కువైతే దారం తెగుతుంది. ఎన్ని బొట్లో, ఎక్కడ వెయ్యాలో ఆవిడకి చేతిలో తెలుసు. ముప్పై ఏళ్లు ఆ మిషను ఒక్కసారి కూడా రిపేరుకి వెళ్లలేదు. నా కాలేజీ ఫీజు దాన్లోంచి వచ్చింది. నాన్నకి 'మెకానిజం' తెలుసని బంధువులంతా అనేవాళ్లు. అమ్మ గురించి, పొదుపరి అన్నారు.

అమెరికన్ కళాకారిణి మిర్ల్ లాడర్‌మన్ యూకలీస్ 1969లో, తల్లయిన కొత్తలో, మెయింటెనెన్సు పనే కళ అని ఒక ప్రకటన రాసింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని మ్యూజియం మెట్లని మోకాళ్ల మీద కూర్చుని కడిగి, అదే తన ప్రదర్శన అంది. తర్వాత న్యూయార్క్ పారిశుద్ధ్య కార్మికులు 8,500 మందికి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి కృతజ్ఞత చెప్పింది. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వుతారు. కారుని వారమంతా తుడిచేవాణ్ని చూసి మాత్రం ఎవరూ నవ్వరు, దాన్ని ఇష్టం అంటారు. ఇంట్లో చేస్తే చాకిరీ, గ్యారేజీలో చేస్తే హాబీ. ఇంకో సంగతి. 1982లో డేటోనా 24 గంటల పందెంలో ఆర్ఎక్స్-7 మీద తన తరగతిలో గెలిచిన ముగ్గురిలో కాథీ రూడ్ అనే ఆమె ఒకరు. ఇరవై నాలుగు గంటలు బండిని చావకుండా నడపడమే ఆ పందెంలో సగం. ఈ కార్లని ప్రాణంలా చూసుకునేవాళ్లలో నేను అడిగినవాళ్లెవరికీ ఆమె పేరు తెలీదు.

అయినా ఈ సంరక్షణని నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అందులో ఒక మెలిక ఉంది. ఇలాంటి కారు ఇంజను పోయిందంటే తెలిసినవాళ్లు మొదట అడిగేది, ఎవరి దగ్గరుంది, ఎలా చూసుకున్నారు అని. డబ్బా ప్లాస్టిక్‌తో చేసిందెవరు, ముల్లుని మధ్యలో ఆపిందెవరు, అంత వేడిని అంత ఇరుకులో పెట్టి మూసిందెవరు అని అడగరు. "సరిగ్గా చూసుకోలేదు" అనే మాట మనం ఎక్కడెక్కడ విన్నాం? పిల్లాడు తప్పినప్పుడు, మొగుడు తాగినప్పుడు, అత్తగారు జారిపడినప్పుడు. చేతులెత్తి దండం పెట్టే లోకం ఆ చేతుల మీదే నేరం మోపడానికి ఎక్కువసేపు పట్టదు. నా పని నాకు తెలుసు కాబట్టే ఈ ఇంజన్లో ఏవి నా పని కాకుండా ఉండాల్సిందో కూడా తెలిసింది.

హైదరాబాదులో ఉండే స్నేహితురాలు ఒకసారి సూటిగా అడిగింది. స్త్రీవాదం మాట్లాడేదానివి, నీకీ మగవాళ్ల ఆటబొమ్మేమిటి, అంత పెట్రోలు తాగేదాన్ని ఎలా సమర్థించుకుంటావు అని. సమర్థించుకోను. లీటరుకి 7 కిలోమీటర్లు, అదీ నెమ్మదిగా నడిపితే. ఏడాదికి 4,000 కిలోమీటర్లు మించి తిప్పను, కాలేజీకి వేరే చిన్న కారుంది. ఆమె అడగని ప్రశ్న ఇంకోటుంది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. గ్రీజు అంటిన నా చేతుల్ని చూసి ఇక్కడ ముచ్చటపడతారు. విజయవాడ ఆటోనగర్‌లో జీవితమంతా ఆ గ్రీజులో గడిపినవాడి చేతిని ఎవరు ముచ్చటగా చూశారు? చేతిపనిని కులానికి కట్టి కింద కూర్చోబెట్టిన ఊరి నుంచి వచ్చి, జీతం ఉన్న ఉద్యోగం, సొంత గ్యారేజీ ఉన్నాక, అదే పనిని నేను ఎంచుకున్నాను. ఎంచుకోగలగడమే తేడా. అమ్మ మిషనుని ఎంచుకోలేదు.

ఈ మార్చిలో మళ్లీ కొలిచాను. ముందు రోటరు 7.3, 7.2, 7.2. వెనకది 7.4, 7.1, 6.6. తేడా హద్దులోనే ఉంది, ఒక ముఖం మాత్రం హద్దు దిగింది. ఇంజను ఇంకా లేస్తోంది, వేడిగా ఉన్నప్పుడు మాత్రం స్టార్టవడానికి కాస్త ఎక్కువసేపు తీసుకుంటోంది. ఇంకో ఏడాది లాగొచ్చని విజయవాడ కుర్రాడు అన్నాడు. లాగదలుచుకోలేదు. సీలు విరిగితే ముక్కలు గోడని చీరేస్తాయి, టర్బోలోకీ పోతాయి. విరగకముందే విప్పితే గోడలు మిగులుతాయి. డిసెంబరు సెలవుల్లో ఇంజను దింపుతున్నాను. అపెక్స్ సీల్స్, మూల సీల్స్, పక్క సీల్స్, రబ్బరు రింగులు తెప్పించి పెట్టాను. ఎత్తడానికి ఆ కుర్రాడూ, పక్కింటాయనా వస్తామన్నారు. బిగించేది నేనే.

ఎనభై దాటిన అమ్మకి వీడియోలో ఆ సీల్స్ డబ్బా చూపించాను. ఒక పట్టీని వేళ్ల మధ్య పట్టుకుని దగ్గరికి పెట్టమంది. దీని కింద స్ప్రింగు ఉంటుందా అంది. ఉంటుంది, గోడ మీదకి నెట్టడానికి అన్నాను. "మరి స్ప్రింగులు మారుస్తున్నావా? పట్టీ మార్చి స్ప్రింగు పాతది ఉంచితే ఏం లాభం" అంది. మారుస్తున్నానన్నాను. తన మిషనుకి షటిలు అరిగిందట, తెనాలిలో పాత మోడలుకి దొరకడం లేదట, అక్కడేమైనా దొరుకుతుందేమో చూడమంది. మిషను పళ్లెం మీద నంబరుంటుంది, ఫొటో తీసి పంపమన్నాను.